లెన్సు విన్న మాట

రెండు కెమెరాలూ కలిపినా అగ్గిపెట్టెలో సగం లేవు. వాటిని ముందు పెట్టుకుని సత్యవేణి మూడు రోజులుగా తిండి మీద ధ్యాస లేకుండా కూర్చుంది. పెళ్ళికి ముందు పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ పాఠాలు చెప్పిన మనిషి. పెళ్ళి చేసుకుని ఉప్పాడ అవతల సముద్రపొడ్డున ఉన్న రొయ్యపిల్లల హేచరీకి వచ్చిపడినా ఆ పిచ్చి మాత్రం ఆవిణ్ణి వదల్లేదు. పేకముక్కంత కంప్యూటరు బోర్డు చేతికి దొరికితే చాలు, పొయ్యి మీద కూర మాడినా తెలీదు. చెవి మీద పెన్ను పెట్టుకుని ఇల్లంతా వెతుకుతుంది. కళ్ళజోడు నెత్తిన ఉండగానే అత్తగారిని అడుగుతుంది. ఆవిడ మతిమరుపు గురించి ఆ ఇంట్లో నవ్వుకోని రోజు లేదు.

ఇప్పటి పిచ్చికి కారణం లేకపోలేదు. రొయ్యపిల్లలకి జబ్బు చేస్తే ముందు ఈదడం మానేసి తొట్టి అడుక్కి దిగిపోతాయి. వెంట్రుకంత ప్రాణులు. మనిషి కంటికి ఆ సంగతి తెలిసేసరికి సగం తొట్టి చచ్చి ఉంటుంది. తొట్టి పైన ఒక కన్ను వేలాడదీసి, ఈదేవెన్నో దిగినవెన్నో లెక్కపెట్టించి, తేడా వస్తే ఫోను మోగేలా చెయ్యాలని ఆవిడ ఆలోచన. బోర్డు సిద్ధం. కెమెరా దగ్గరే ఆగిపోయింది.

ఒక కెమెరాలో లెన్సు బంక పెట్టి అతికించినట్టు ఉంటుంది. ఒకే దూరంలో ఉన్నది బాగా కనిపిస్తుంది, మిగిలిందంతా మసక. రెండోదానిలో లెన్సు ఒక బుల్లి తీగచుట్టలో కూర్చుని, కరెంటు అందగానే ముందుకీ వెనక్కీ జరుగుతూ తనంతట తానే దూరం సరిచూసుకుంటుంది. సత్యవేణి ఒక చెక్క స్కేలుకి అగ్గిపెట్టె బొమ్మ అతికించి బకెట్టు నీళ్ళలో ముంచి చూసింది. జానెడు లోతు దాటేసరికి మొదటి కెమెరాలో బొమ్మ అలుక్కుపోయింది. రెండోది మాత్రం ఒక్క క్షణం తడబడి, బొమ్మ మీది గీతలతో సహా పట్టేసింది.

ఆవిడ భర్త చిట్టిబాబు వాకిట్లో నిలబడి అదంతా చూశాడు. కదలనిదే మేలు కదా, కదిలేది ఎప్పుడో ఒకప్పుడు పేచీ పెడుతుంది అన్నాడు. మోటార్లతో పదిహేనేళ్ళు కుస్తీ పట్టిన మనిషి మాట. సత్యవేణి చెవిన వేసుకోలేదు. కదిలేదాన్నే తీసుకెళ్ళి మూడో నంబరు తొట్టి మీద ఇనప కడ్డీకి బిగించింది.

రెండు వారాలు అది బుద్ధిగా పనిచేసింది. ఆ తర్వాతే ఆవిడ ఒక వింత గమనించింది. తొట్లకి గాలి కొట్టే బ్లోవరు మొదలైనప్పుడల్లా బొమ్మ సన్నగా వణుకుతోంది. కడ్డీ కదలడం లేదు. కెమెరా కదలడం లేదు. వణికేది లోపలి లెన్సు. వెంట్రుకంత స్ప్రింగుల మీద వేలాడుతోంది కదా, గాలిలో చప్పుడు తగిలితే ఊగుతోంది. మన చెవిలో పొర కూడా చేసే పని అదే.

ఇంకొకరైతే అక్కడే చిరాకుపడి కెమెరా మార్చేసేవారు. ఈవిడ సత్యవేణి. కెమెరా బొమ్మని ఒక్కసారిగా చూడదు, పై నుంచి కిందికి గీత తర్వాత గీత చదువుతుంది. సెకనుకి వేల గీతలు. ఒక్కో గీతలో ఒక్కో వణుకు దాగి ఉంటుంది. ఆ వణుకులన్నీ ఏరి, వరసగా పేర్చి, స్పీకరుకి పంపితే ఏమవుతుందో చూద్దామని కూర్చుంది. పది రోజులు పట్టింది. మొదట బ్లోవరు రొద వినిపించింది. దాన్ని వడగట్టి తీసేస్తే, దాని అడుగు నుంచి పీలగా, నూతిలోంచి వచ్చినట్టు ఒక మగగొంతు వచ్చింది.

"తినండమ్మా తినండి. మీ అమ్మ ఏ సముద్రంలో ఉందో ఏమో. మీకు నేనే కదా దిక్కు."

చిట్టిబాబు. మేత చల్లుతూ రొయ్యపిల్లలతో కబుర్లు చెబుతున్నాడు. మైకు లేని కెమెరా, మాట లేని బొమ్మ, అందులోంచి మొగుడి గొంతు. సత్యవేణి ఎగిరి గంతేసినంత పని చేసింది. అతన్ని పిలిచి వినిపిస్తే సిగ్గుతో ముఖం ఎర్రబడి, కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా నవ్వాడు. తర్వాత పనివాళ్ళందరికీ తనే చెప్పుకున్నాడు, మా ఆవిడ మిషను కళ్ళతో వింటుందిరా, జాగ్రత్తగా మాట్లాడండి అని. ఒక్క పెంటయ్య మాత్రం నవ్వలేదు. ఆ కెమెరా కింద నుంచి వెళ్ళేటప్పుడు తువ్వాలు భుజం మీద నుంచి తీసి చేత్తో పట్టుకునేవాడు, పెద్దవాళ్ళ ముందు చేసినట్టు.

తువ్వాలు సంగతి ఇక్కడ చెప్పాలి. హేచరీలో ఒక కట్టడి ఉంది. మూడో నంబరు తొట్టి పక్కనే, సముద్రపు నీళ్ళు నిలవచేసే పెద్ద సంపులో మోటారు ఉంటుంది. సంపు కడగడానికి ఎవరు దిగినా ముందు గోడ మీది మెయిన్ హ్యాండిల్ కిందికి లాగి, దాని మీద తన తువ్వాలు వేసి దిగాలి. తువ్వాలు ఉందంటే లోపల మనిషి ఉన్నాడని లెక్క. వేసినవాడు తప్ప ఇంకొకరు దాన్ని ముట్టుకోకూడదు. తాళం లేదు, బోర్డు లేదు. చిట్టిబాబు తండ్రి కాలం నుంచీ అదే చట్టం. పెంటయ్య ఇరవై ఏళ్ళుగా ఆ మోటారు చూస్తున్నవాడు. ఒకసారి ఎవరో తువ్వాలు మరిచిపోయి ఇంటికెళ్ళిపోతే, సంపులో ఎవరూ లేరని అందరూ చెప్పినా మోటారు వెయ్యలేదు. పోటు దాటిపోయి ఆ రోజు నీళ్ళు లేకుండా పోయినా సరే. చిట్టిబాబు ఆ రోజు నాలుగు తిట్టాడు గానీ, సాయంత్రం తనే వెళ్ళి వాడి వీపు తట్టాడు.

కార్తీకమాసంలో ఒక శనివారం, పదకొండు గంటలప్పుడు, చిట్టిబాబు సంపులో దిగి మోకాలి లోతు నీళ్ళలో నాచు గీకుతున్నాడు. ఒడ్డున పోటెక్కి నీళ్ళు పైపు మూతిని అందుకున్నాయి. పెంటయ్య పరుగున వచ్చి మెయిన్ వేశాడు. మోటారు వైరు అతుకు మీది టేపుని ఉప్పు ఎప్పుడో తినేయడంతో కరెంటు నీళ్ళలోకి పాకింది. అరిచే వ్యవధి కూడా లేకపోయింది చిట్టిబాబుకి.

పెంటయ్య ఒకటే మాట చెప్పాడు. హ్యాండిల్ మీద తువ్వాలు లేదు. ఉంటే నేను వెయ్యను. శవం ముందు చెప్పాడు, పోలీసుల ముందు చెప్పాడు, తన్నులు తింటూ చెప్పాడు. సంపంతా వెతికారు, గోడ పక్కన వెతికారు, తువ్వాలు లేదు. ముందు రోజే ఒక తొట్టి చచ్చిపోయిందని చిట్టిబాబు వాణ్ణి అందరి ముందూ చెడామడా తిట్టాడు. ఇంకేముంది, కక్ష పెట్టుకుని చేశాడు, తువ్వాలు సముద్రంలో పారేశాడు అని ఊరు ఊరంతా అనేసింది. చిట్టిబాబు తల్లి మాణిక్యం గుండెలు బాదుకుంటూ అదే ఫిర్యాదు రాయించింది. ప్రమాదం జరగడానికి పది నిమిషాల ముందు అక్కడి నుంచి వెళ్ళింది సత్యవేణి. పోలీసులు ఆవిణ్ణి అడిగారు.

"నేను వెళ్ళేటప్పుడు తువ్వాలు హ్యాండిల్ మీదే ఉంది," అంది. అడిగినచోట సంతకం పెట్టింది.

ఆ మాటతో పెంటయ్య పని అయిపోయింది, జైలుకి పంపారు. పోలీసులు తొట్టి మీది కెమెరా కూడా చూశారు. అందులో రొయ్యపిల్లలు ఈదడం తప్ప ఏమీ లేదు. వదిలేశారు.

పెద్దకర్మ అయ్యాక పెంటయ్య భార్య దేవుడమ్మ రావడం మొదలుపెట్టింది. చేపల తట్ట నెత్తిన పెట్టుకుని ఊళ్ళోకి వెళుతూ, రోజూ పొద్దున్నే గేటు దగ్గర ఆగేది. ఏడవదు, శాపనార్థాలు పెట్టదు. ఆవిడకి ఆ రెండు ముక్కలే వచ్చు.

"మా ఆయన తువ్వాల లేదన్నాడమ్మా. మీ మిసను మాటలు ఇంటదని బాబుగారే సెప్పారు కదా, ఓపాలి ఇనండమ్మా."

సత్యవేణి ముఖం తిప్పుకుని లోపలికి వెళ్ళిపోయేది. వినడానికి భయం. చిట్టిబాబు ఆఖరి క్షణం ఆ బొమ్మల్లో ఎక్కడో ఉంది. దాన్ని చెవులతో ఎలా ముట్టుకోవడం? ఒక్కో రోజు బ్లోవరు చప్పుడు వినిపిస్తే లేచి తలుపులు వేసుకునేది. హేచరీ తొట్లు ఒక్కొక్కటే ఎండిపోయాయి. పనిముట్ల పెట్టె ఆ రోజు తెచ్చి బీరువా మీద పెట్టింది పెట్టినట్టే ఉంది, దాని మీద దుమ్ము పట్టింది.

చివరికి అత్తగారే పట్టుబట్టింది. మాణిక్యానికి ఆ దేవుడమ్మ మొహం చూస్తే ఒళ్ళు మండిపోయేది. ఆ విద్య ఏదో నీకు వచ్చు కదమ్మాయ్, విని వాడి అబద్ధం బయటపెట్టు, నా కొడుకు ఉసురు పోసుకున్నవాడు ఉరికంబం ఎక్కాలి అంది. సత్యవేణికి కూడా ఆ మాట నచ్చింది. ఏడ్చి ఏడ్చి అలసిపోయిన మనిషికి కోపం కొంచెం బలం ఇస్తుంది. ఆ బలంతోనే, చిట్టిబాబు పోయిన నలభై మూడో రోజున కంప్యూటరు ముందు కూర్చుంది.

మధ్యాహ్నం. బయట చలికాలపు ఎండ కాస్తోంది. తెర మీద శనివారం నాటి రొయ్యపిల్లలు ఏ పాపం ఎరగనట్టు ఈదుతున్నాయి. ఆవిడ గీతల్లోంచి వణుకులు ఏరింది, బ్లోవరు రొద తీసేసింది, చెవులకి ఇయర్‌ఫోన్లు పెట్టుకుంది.

మొదట పనిముట్ల ఇనప పెట్టె మూత తెరిచిన చప్పుడు. ఆ తర్వాత ఒక ఆడగొంతు తనలో తను గొణుక్కుంటోంది, నిలబడవేం, ఒక్కచోట నిలబడు అని. అది తన గొంతే. గుర్తొచ్చింది. ఆ పొద్దున లెన్సు ఫోకసు కుదరక అటూ ఇటూ కొట్టుకుంటుంటే, దాన్ని తీసేసి మొదటి కెమెరానే పెట్టేద్దామా అని రెండూ పక్కపక్కన పెట్టుకుని చూసింది. ఆఖరికి కదిలేదాన్నే ఉంచింది. అంతవరకూ గుర్తుంది. తొట్టిలో చెయ్యి పెట్టి నీళ్ళు కదిపిన చప్పుడు వినిపించింది. బోర్డు ముట్టుకునే ముందు ఉప్పునీటి చేతులు తుడుచుకోవాలి, లేకపోతే బోర్డు కాలిపోతుంది. ఆ పాఠం పాలిటెక్నిక్‌లో పిల్లలకి వందసార్లు చెప్పింది.

అప్పుడు సంపులోంచి, గోడలకి తగిలి గుండ్రంగా, చిట్టిబాబు.

"సత్యా, చేతులు తుడుచుకుంటే తుడుచుకున్నావు గానీ, ఆ తువ్వాలు మళ్ళీ అక్కడే వేసెయ్."

కాస్త ఆగి, ఎక్కడో ధ్యాస పెట్టుకున్న ఆడగొంతు.

"ఊఁ. వేస్తానండీ."

పెట్టె మూత పడింది. చెప్పుల చప్పుడు దూరమైంది. పది నిమిషాల సేపు నాచు గీకే చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. ఆ పైన ఎవరో పరుగున వచ్చిన అడుగులు. పోటెక్కిందని పెంటయ్య రొప్పుతూ అనుకోవడం వినిపించింది. అడుగులు ఆగాయి. తువ్వాల లేదే, బాబు ఎక్కేసినట్టున్నారు అని గొణిగాడు. అయినా ఊరుకోలేదు. బాబూ, చిట్టిబాబు గారూ అని రెండుసార్లు కేకేశాడు. నాచు గీకే చప్పుడులో అది సంపులోకి చేరలేదు. లోపలి గీకుడు చప్పుడు బ్లోవరు రొదలో బయటికి రాలేదు. తర్వాత హ్యాండిల్ ఎత్తిన చప్పుడు.

సత్యవేణి ఇయర్‌ఫోన్లు పీకేసింది. మళ్ళీ పెట్టుకుని విన్నది, ఆ ఆడగొంతు ఇంకెవరిదైనా అవుతుందేమోనని. మూడుసార్లు విన్నది. మూడుసార్లూ తనే. తువ్వాలు హ్యాండిల్ మీద ఉందని పోలీసులకి చెప్పింది అబద్ధం కాదు, నిజంగానే ఆవిడ కళ్ళకి కనిపించింది. రోజూ ఉండే వస్తువు కాబట్టి ఆ రోజూ ఉన్నట్టు మనసు బొమ్మ గీసి పెట్టింది. ఆ బొమ్మ మీదే సంతకం పెట్టింది.

మాణిక్యం గుమ్మంలోకి వచ్చి దొరికిందా అని అడిగింది. సత్యవేణి ఇయర్‌ఫోన్లు తీసి స్పీకరు పెట్టింది.

కొడుకు గొంతు వినగానే ముసలావిడ గోడకి చేరగిలబడిపోయింది. మళ్ళీ వెయ్యమంది. వేసింది. కళ్ళు మూసుకుని, పెదవులు కదుపుతూ, అతను అన్న ప్రతి ముక్కా తనూ అంటూ వింది. మళ్ళీ వెయ్యమంది. ఆ మూడోసారి ఆవిడ పెదవులు మధ్యలో ఆగిపోయాయి. కళ్ళు తెరిచి కోడలి వంక చూసింది. కొడుతుందని సత్యవేణి అనుకుంది, కొడితే బాగుండుననీ అనుకుంది.

"ఆ ముక్క తీసెయ్యి," అంది మాణిక్యం. "వాడి గొంతు ఉంచి మిగతాది తీసెయ్యి."

"పెంటయ్య జైల్లో ఉన్నాడత్తయ్యా."

"ఉండనీ. నువ్వు కూడా పోయి అక్కడ కూర్చుంటే నన్నెవరు చూస్తారే? నా కొడుకు పోయాడు. నువ్వూ పోతే ఈ ఇంట్లో నేనొక్కత్తినీ గోడలు చూసుకుంటూ చావనా?"

ఆ మాటలో కోపం లేదు. అదే సత్యవేణికి మరీ బాధ కలిగించింది. అన్నేళ్ళూ కోడలి మతిమరుపుకి నవ్వుకున్న మనిషి ఇప్పుడు దాన్నే తన కొంగు చాటున దాచిపెట్టాలని చూస్తోంది.

సత్యవేణి ఆ ముక్క తీసెయ్యలేదు గానీ, చెప్పడానికీ ధైర్యం చాలలేదు. "సత్యా" అన్న ఒక్క పిలుపు మాత్రం విడిగా కత్తిరించి అత్తగారి ఫోనులో వేసింది. అది చెయ్యకుండా ఉండాల్సింది. ముసలావిడ నాలుగు రోజులు ఆ ఫోను వదల్లేదు. తిండి తింటూ, జపమాల తిప్పుతూ, మంచం మీద పడుకుని, సత్యా, సత్యా అని కొడుకు చేత పిలిపించుకుంటూనే ఉంది. తన పేరు అలా గది గదిలోంచీ వినిపిస్తుంటే సత్యవేణికి పిచ్చెత్తినట్టయింది.

ఆ నాలుగు రోజులూ ఆవిడ తనకి తాను ఒకటే సర్దిచెప్పుకుంది. అది లెన్సు వణుకు, అంతే. వణుకుల్లోంచి మాట ఏరడంలో నా ఊహ కలిసి ఉండొచ్చు. తువ్వాలు దొరకలేదు కదా. నేనే తీసి ఉంటే అది ఎక్కడో ఉండాలి కదా.

అయిదో రోజు పొద్దున స్టూలు వేసుకుని బీరువా మీది పెట్టె దించింది. దుమ్ము తుడిచి మూత తీసింది. శ్రావణం, స్క్రూడ్రైవర్లు, సోల్డరు చుట్ట. వాటి కింద చిట్టిబాబు తువ్వాలు, ఎర్ర అంచున్న ఆకుపచ్చది, ఉప్పు తెల్లగా చారలు కట్టి, మడతపెట్టి ఉంది. మడత విప్పితే లోపల ఆ రోజు వద్దనుకున్న కెమెరా, కదలని లెన్సుది, ఎక్కడా గీత పడకుండా భద్రంగా ఉంది. దెబ్బ తగలకూడదని చుట్టింది. అందులో రొయ్యమేత వాసన ఇంకా పోలేదు. ఆవిడ నేల మీద కూలబడి ఆ తువ్వాల్లో మొహం పెట్టుకుని ఏడ్చింది. చిట్టిబాబు పోయిన రోజు కూడా అలా ఏడవలేదు.

గేటు దగ్గర తట్ట దించిన చప్పుడైంది. సత్యవేణి కళ్ళు తుడుచుకుని, తువ్వాలు కొంగు కింద పెట్టుకుని వాకిట్లోకి వచ్చింది. చెబుతానో చెప్పనో ఆవిడకే తెలీదు. దేవుడమ్మ మొదట గేటు వంక చూసింది, తర్వాత నేల వంక చూసింది.

"ఇంక మిసను ఇనక్కర్లేదులెండమ్మా," అంది. "నిన్న జైలుకాడ మా ఆయన్ని కలిసేను. ఆడే ఒప్పేసుకున్నాడు."

"ఏం ఒప్పుకున్నాడు?"

"తువ్వాల ఉండే ఉంటదే, నా కళ్ళకే ఆనలేదు అన్నాడమ్మా. అమ్మగారు సదువుకున్నోరు, అబద్దమాడరు, ఆవిడ ఉందంటే ఉన్నట్టే అన్నాడు. ఇన్నాళ్ళూ లేదు లేదని నేనే బాబుగారిని మోసం సేసేను అని తల బాదుకున్నాడు. సోమారం జడ్జిగారి ముందు అదే సెప్పేస్తాడంట."

దేవుడమ్మ తట్ట ఎత్తుకోబోయింది. సత్యవేణి గేటు తీసుకుని బయటికి వచ్చి ఆవిడ చెయ్యి పట్టుకుంది. కొంగు కింద నుంచి తువ్వాలు తీసి ఆ చేతిలో పెట్టింది. ఊళ్ళో అందరికీ తెలిసిన తువ్వాలు అది. దేవుడమ్మ దాన్ని చూసింది, ఎర్ర అంచు వేళ్ళతో తడిమింది.

"మీ ఆయన కళ్ళు బాగానే ఉన్నాయి దేవుడమ్మా," అంది సత్యవేణి. "హ్యాండిల్ మీద తువ్వాలు లేదు. నేనే తీశాను. స్టేషనుకి పద, చెప్పేస్తాను."

దేవుడమ్మ తిట్టలేదు, ఓదార్చలేదు. తట్ట గేటు పక్కనే వదిలేసి, తువ్వాలు గుండెకి అదుముకుని ముందు నడిచింది. సత్యవేణి ఆవిడ వెనకాల నడిచింది. ఇంట్లోంచి చిట్టిబాబు సత్యా అని పిలిచాడు, మళ్ళీ పిలిచాడు. ఆవిడ వెనక్కి తిరగలేదు.